వాల్యూమ్ మీద ఒక చెయ్యి



మురిపించే మువ్వలు సినిమా చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1962లో వచ్చింది. తమిళంలో కొంజుం సలంగై. అందులో ఎస్. జానకి గారు నాదస్వరంతో పోటీపడి పాడిన పాట ఉంది. ఆభేరి రాగం. రేడియోలో మీరు ఎన్నిసార్లు విని ఉంటారో! నాదస్వరం ఎక్కిన మెట్టుకు ఆమె గొంతూ ఎక్కుతుంది. ఆమె గొంతు దిగిన చోటికి నాదస్వరమూ దిగుతుంది. పాడినావిడ గుంటూరు జిల్లా ఆడపడుచు. నాదస్వరం వాయించింది కారుకురిచ్చి అరుణాచలం గారు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గారి శిష్యులు. 1964లో పోయారు. అప్పటికి ఆయన వయసు నలభై పైచిలుకే. ఆయన స్థిరపడిన ఊరు కోవిల్‌పట్టి.

కోవిల్‌పట్టి మా శివకాశికి పొరుగూరు. ఇటు విరుదునగర్, అటు కోవిల్‌పట్టి, నడుమ శివకాశి. అంతా నల్లరేగడి నేల. తమిళనాడే, కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వందల ఏళ్ళుగా ఉన్నాయి. మేమూ అలాంటివాళ్ళమే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. పాటలు రికార్డు చేయడం, వాటిని చివరగా సరిదిద్దడం నా వృత్తి.

ఆ చివరి పనినే మాస్టరింగ్ అంటారు. అందులో వాడే ఒక పరికరం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. దాని పేరు కంప్రెసర్. ఫ్రిజ్‌లోనూ, పంక్చర్ షాపులోనూ ఉండే కంప్రెసర్ వేరు. ఇది శబ్దాన్ని అదుపు చేసే కంప్రెసర్. ఈ రోజుల్లో ఫోన్లో పాట పాడి, లాప్‌టాప్‌లో సరిచేసి, ప్రపంచానికి వినిపించే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళందరి దగ్గరా ఈ కంప్రెసర్ ఉంది. దాని మీద నాలుగైదు మరలు ఉంటాయి. ఏ మర ఎంత తిప్పాలన్నదే అందరి ప్రశ్న. దానికి ఒక పద్ధతి ఉంది. ఆ ఒక్క పద్ధతీ మీకు పట్టుబడితే ఇవాళ్టికి చాలు.

ముందు కంప్రెసర్ ఏం చేస్తుందో చూద్దాం.

రాత్రి తొమ్మిదైంది అనుకోండి. ఉయ్యాల్లో పసిబిడ్డ నిద్రపోతోంది. ఇంట్లోవాళ్ళు టీవీలో సినిమా చూస్తున్నారు. రిమోట్ అమ్మమ్మ చేతిలో ఉంది. మాటలు నడుస్తున్నంతసేపూ అమ్మమ్మ చెయ్యి కదలదు. ఉన్నట్టుండి ఫైటింగ్ వచ్చింది. అమ్మమ్మ గబుక్కున వాల్యూమ్ తగ్గించింది. ఫైటింగ్ అయిపోయింది. మళ్ళీ మాటలు. అమ్మమ్మ మళ్ళీ వాల్యూమ్ పెంచింది. కంప్రెసర్ అంటే ఈ చెయ్యే. గట్టిగా వస్తే తగ్గిస్తుంది. శబ్దం తగ్గగానే తన పట్టు వదులుతుంది. అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

ఇప్పుడు ఆ మరల సంగతి. శబ్దం ఎంత గట్టిగా వస్తే అమ్మమ్మ చెయ్యి కదలాలి? ఆ గీతే త్రెషోల్డ్. కదిలాక ఎంత తగ్గించాలి? అది రేషియో. ఎంత త్వరగా తగ్గించాలి? అది అటాక్. గోల ఆగాక ఎంతసేపటికి మళ్ళీ మామూలు చేయాలి? అది రిలీజ్. ఇంకోసారి చెప్తాను. ఎక్కడ కదలాలో త్రెషోల్డ్. ఎంత తగ్గించాలో రేషియో. ఎంత త్వరగా పట్టుకోవాలో అటాక్. ఎంత నిదానంగా వదలాలో రిలీజ్.

రేషియోకి ఒక్క లెక్క చెప్తాను. రేషియో రెండుకి ఒకటి అన్నారనుకోండి. శబ్దం గీత దాటి 4 డెసిబెల్స్ పైకి వచ్చింది. బయటికి 2 డెసిబెల్సే వెళ్తుంది. గీత కింద ఉన్న శబ్దం జోలికి కంప్రెసర్ అసలు పోదు.

తొలినాళ్ళ రేడియో స్టేషన్లలో ఇది నిజంగా మనిషి చెయ్యే. ఇంజనీరు మర మీద వేళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. గాయకుడు గొంతెత్తితే తగ్గించేవాడు. దించితే పెంచేవాడు. 1930లలోనే ఆ పని యంత్రానికి అప్పజెప్పారు. 1950ల చివర్లో అమెరికాలో రైన్ నార్మా అనే ఇంజనీరు ఫెయిర్‌చైల్డ్ 670 అనే కంప్రెసర్ తయారుచేశారు. దాని నిండా వాల్వులే, 20 దాకా ఉంటాయి. గ్రామఫోన్ డిస్కు మీద గాడి చెక్కే సూది అదుపు తప్పకుండా ఉండడానికి పుట్టిన పరికరం అది. ఇప్పుడు మన లాప్‌టాప్‌లో ఉండే కంప్రెసర్లలో చాలావాటికి అలాంటి పాత పరికరాలే మాతృకలు.

సరే. శబ్దంలో గట్టిదనం అంటే ఏమిటి? దీన్ని శివకాశివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. టపాకాయల ఊరు కదా!

ఒక బాంబు పేలింది. ఒక్క క్షణం. అంతే. ఇటు పక్క టపాకాయల సరం అంటించారు. అది టపటపమంటూ కాలుతూనే ఉంటుంది. బాంబు శిఖరం ఎత్తు. కానీ అది క్షణంలో పడిపోతుంది. సరంలో ఒక్కో కాయ శిఖరం చిన్నదే. కానీ చెవి మీద మోత ఆగదు. శిఖరం వేరు, సగటు వేరు. ఇది గుర్తుపెట్టుకోండి. శిఖరం వేరు, సగటు వేరు.

ప్రభుత్వ నిబంధనలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 1999లో కేంద్ర ప్రభుత్వం టపాకాయల శబ్దానికి హద్దు పెట్టింది. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో కొలవాలి. శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్ల సేపు కూడగట్టి చూసే మీటరుతో కొలిస్తే హద్దు 125 డెసిబెల్స్. ఆ క్షణపు శిఖరాన్నే పట్టుకునే మీటరుతో కొలిస్తే హద్దు 145. రెండు మీటర్లూ వినే తీరు వేరు, అందుకే అంకెలూ వేరు. ఇక సరాలకు ఇంకో లెక్క. సరంలో కాయలు ఎన్ని ఎక్కువైతే, ఒక్కో కాయకు హద్దు అంత తగ్గుతుంది. 100 కాయల సరం అయితే ఒక్కో కాయకు 10 డెసిబెల్స్ తగ్గాలి. ఎందుకంటే మోత కూడుతుంది. 2018లో సుప్రీంకోర్టు సరాలను పూర్తిగానే నిషేధించింది, అది వేరే కథ.

పాటలోనూ ఇంతే. నాదస్వరం పక్కన మోగే డోలు తవిల్. దాని మీద పడ్డ ఒక్క దెబ్బ శిఖరం. నాదస్వరం సాగదీసిన స్వరం సగటు. కంప్రెసర్‌ని మీరు దేని మీద పని చేయిస్తున్నారు? శిఖరం మీదా, సగటు మీదా? మరలు తిప్పేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఇప్పుడు మా ప్రాంతపు శబ్దాన్ని ఒకదాన్ని తీసుకుందాం. దేవరాట్టం అనే నాట్యం ఉంది. రాజకంబళ నాయకర్లు ఆడతారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. మగవాళ్ళు వరసగా నిలబడి, చేతిలో రుమాలు పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఆడతారు. అడుగులన్నీ వాద్యం ఏం చెప్తే అవే. ఆ వాద్యం పేరు దేవదుందుభి. ఉరుమి అని కూడా అంటారు. నడుము సన్నగా, రెండు వైపులా చర్మం. కుడి చర్మాన్ని సన్నటి పుల్లతో కొడతారు. ఎడమ చర్మం మీద వంపు కర్రని ఒత్తి రుద్దుతారు. రుద్దితే ఒక మూలుగు వస్తుంది. లోతైన శబ్దం. కడుపులో తెలుస్తుంది. కుడి వైపు పుల్ల దెబ్బ మాత్రం చురుగ్గా, పలచగా ఉంటుంది. పైన గజ్జెల చప్పుడు. మూడు శబ్దాలు. మూడూ మూడు రకాలు.

దీన్ని రికార్డు చేసి తెచ్చారనుకోండి. "అన్నా, గట్టిగా రావాలి" అంటారు. అందరూ అనే మాటే. ఎవరినీ తప్పుపట్టలేం. విరుదునగర్ పరాశక్తి మారియమ్మ పంగుణి పొంగలికి వచ్చే జనాన్ని చూస్తే తెలుస్తుంది. ఆ జనం మధ్య పాట వినపడాలి కదా! సరే, గట్టిగానే చేద్దాం. కానీ ఎలా?

ఇప్పుడు పద్ధతికి వస్తున్నాను. జాగ్రత్తగా వినండి.

చాలామంది కంప్రెసర్ తెరిచి, అందులో ముందే పెట్టి ఉన్న అంకెలు ఎంచుకుంటారు. లేదా ఎవరో చెప్పిన అంకెలు కొడతారు. కొంచెం తిప్పుతారు. తేడా తెలియదు. ఇంకొంచెం తిప్పుతారు. అప్పుడూ తెలియదు. ఎందుకు తెలుస్తుంది? మాస్టరింగ్‌లో కంప్రెసర్ చేసే పని చాలా చిన్నది. 1 డెసిబెల్, 2 డెసిబెల్స్. అంత చిన్న పనిలో అటాక్ తేడా, రిలీజ్ తేడా చెవికి దొరకడం కష్టం.

అందుకని ముందు అతిగా పెట్టండి. చెవికి పట్టాక తగ్గించండి. ఇదే పద్ధతి. ముందు అతిగా. తర్వాత తగ్గింపు.

ఎలాగంటే, రేషియో బాగా పెంచేయండి. పదికి ఒకటి అనుకోండి. త్రెషోల్డ్ గీత బాగా కిందికి దించండి. కంప్రెసర్ ఎంత తగ్గిస్తోందో చూపే మీటరు ముల్లు 10, 12 డెసిబెల్స్ వెనక్కి పడుతూ ఉండాలి. పాట ఘోరంగా ఉంటుంది. ఉండనివ్వండి. ఇలాగే బయటికి పంపబోవడం లేదు. ఇప్పుడు కంప్రెసర్ చేసే ప్రతి కదలికా మీకు స్పష్టంగా వినిపిస్తుంది. ఈ స్థితిలో మొదట అటాక్ చూసుకోండి. తర్వాత రిలీజ్. ఆ రెండూ కుదిరాకే రేషియో. అన్నిటికన్నా చివర త్రెషోల్డ్.

అటాక్ దగ్గర కాసేపు ఆగుదాం. తవిల్ వాయించేవాళ్ళని దగ్గర్నుంచి చూశారా? ఎడమ చేతిలో పొట్టి కర్ర. కుడి చేతి వేళ్ళకి గట్టి తొడుగులు. బట్టా పిండీ కలిపి చుట్టి, ఎండబెట్టి చేస్తారు. ఆ తొడుగు చర్మానికి తగిలినప్పుడు మొదట ఒక టక్కు వస్తుంది. ఆ వెంటనే లోపలి గాలి మోగుతుంది. ఆ టక్కు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. కానీ దాన్ని బట్టే మనకు తవిల్ అని తెలుస్తుంది. అటాక్ 1 మిల్లీసెకను పెట్టారనుకోండి. టక్కు పూర్తిగా బయటికి రాకముందే అమ్మమ్మ చెయ్యి పడిపోయింది. మిగిలింది మెత్తటి బుడుంగు. వాయించినవాళ్ళు ఎంత కష్టపడ్డా ఆ వేళ్ళు మీకు వినిపించవు.

అదే అటాక్‌ని 10 దాకా, 20 దాకా, 30 మిల్లీసెకన్ల దాకా మెల్లగా పెంచుతూ రండి. ఒక చోట టక్కు తిరిగొస్తుంది. కళ్ళు మూసుకుని వింటే కచ్చితంగా తెలుస్తుంది. అక్కడ ఆపండి. అదే మీ పాటకు అటాక్. పొరుగింటివాళ్ళ పాటకు అది పనికి రాకపోవచ్చు.

ఒకవేళ పాటలో డోలు దెబ్బలే మరీ గుచ్చుతున్నాయా? మిగతావన్నీ బాగుండి, ఆ దెబ్బలే చెవిలో పొడుస్తున్నాయా? అప్పుడు అటాక్‌ని కొంచెం వెనక్కి, అంటే త్వరగా పట్టుకునేలా తిప్పండి. దెబ్బ అంచు కాస్త అరుగుతుంది. ఏది కాపాడాలి, ఏది అరగాలి అన్నది మీరు తేల్చుకోవాల్సిందే. కంప్రెసర్ తేల్చదు.

ఇక రిలీజ్. నా ఉద్దేశంలో అన్నిట్లోకీ కష్టమైంది ఇదే. పాటలు ఎక్కువగా పాడయ్యేది కూడా ఇక్కడే.

నాదస్వరం ఒక స్వరాన్ని పట్టుకుని నిలబడింది. వెనక తవిల్ కొడుతున్నారు. తవిల్ దెబ్బ పడింది. అమ్మమ్మ వాల్యూమ్ తగ్గించింది. ఏ వాల్యూమ్? మొత్తం వాల్యూమ్! మాస్టరింగ్‌లో తవిల్ వేరుగా, నాదస్వరం వేరుగా మన చేతిలో ఉండవు. రెండూ కలిసిపోయిన ఒకే ఫైలు అది. కాబట్టి తవిల్ కొట్టిన దెబ్బకి నాదస్వరం కూడా కుంగుతుంది. రిలీజ్ మరీ తక్కువ పెడితే, కుంగిన నాదస్వరం వెంటనే పైకి లేస్తుంది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ కుంగు. మళ్ళీ లేపు. నాదస్వరం నిలబడి ఊదిన స్వరం వణికినట్టు వినిపిస్తుంది. వాయించినాయన ఊపిరి పట్టి నిలబెట్టిన స్వరం అది. మనం దాన్ని ఊగిసలాడించాం.

రిలీజ్ మరీ ఎక్కువ పెడితే ఇంకో చిక్కు. ఒక్క పెద్ద దెబ్బకి దిగిన వాల్యూమ్ మళ్ళీ పైకి రాదు. పాట అంతా దుప్పటి కప్పుకున్నట్టు ఉండిపోతుంది.

మరి ఎంత పెట్టాలి? తాళం చూసుకోండి. నిమిషానికి 100 దెబ్బలు పడే పాట అనుకోండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య 600 మిల్లీసెకన్లు. దెబ్బ పడగానే ముల్లు వెనక్కి పడాలి. తర్వాతి దెబ్బ వచ్చేలోపు నిదానంగా తన చోటికి చేరుకోవాలి. చేరీ చేరగానే మళ్ళీ దెబ్బ పడాలి. ముల్లు తాళంతో పాటు ఊగుతూ కనిపిస్తే మీరు దారిలో ఉన్నట్టే. అది సాధారణంగా 100 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడో దొరుకుతుంది. పరికరానికీ పరికరానికీ ఈ అంకె అర్థం కొంచెం మారుతుంది. కాబట్టి అంకె కన్నా ముల్లును నమ్మండి. ముల్లు కన్నా చెవిని నమ్మండి.

ఉరుమి మూలుగు సంగతి ఇంకా మిగిలే ఉంది. లోతైన శబ్దానికి బలం ఎక్కువ. వంపు కర్ర రుద్దినప్పుడల్లా కంప్రెసర్ ముల్లు పడిపోతుంది. దాంతో గజ్జెలూ మాయమవుతాయి. కర్ర ఆగగానే గజ్జెలు పైకి దూకుతాయి. ఆడేవాళ్ళ కాళ్ళకూ ఆ చప్పుడుకూ పొంతన ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. 50 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పూర్తి కావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. మీ అటాకూ, రిలీజూ అంతకన్నా వేగంగా ఉంటే కంప్రెసర్ ఒక్కో అలనీ పట్టుకుని వదలడం మొదలుపెడుతుంది. అల ఆకారమే మారిపోతుంది. శబ్దం గరగరలాడుతుంది.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. చాలా కంప్రెసర్లలో సైడ్‌చెయిన్ ఫిల్టర్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని 80, 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకన్నా లోతు శబ్దానికి కంప్రెసర్ చెవులు మూసుకుంటుంది. అమ్మమ్మ చెయ్యి మూలుగుకి కదలదు, పుల్ల దెబ్బకే కదులుతుంది. మూలుగు పాటలోంచి పోదు. అది అలాగే వినిపిస్తుంది. కంప్రెసర్ మాత్రం దాన్ని పట్టించుకోదు.

కుడి, ఎడమ చానళ్ళు రెండూ ఒకే చేతి కింద ఉండాలన్నది కూడా మరవకండి. దానికి లింక్ అనే మీట ఉంటుంది. అది లేకపోతే ఎడమ వైపు డోలు మోగినప్పుడు ఎడమ ఒక్కటే తగ్గుతుంది. నడుమ నిలబడి పాడుతున్న మనిషి కుడి వైపుకి జరిగినట్టు వినిపిస్తుంది.

అటాక్ కుదిరింది. రిలీజ్ కుదిరింది. ఇప్పుడు తగ్గింపు మొదలు. రేషియోని పది నుంచి కిందికి దించండి. మాస్టరింగ్‌కి ఒకటిన్నరకి ఒకటి, రెండుకి ఒకటి చాలు. తర్వాత త్రెషోల్డ్ గీతని పైకి లేపండి. పాటలో అన్నిటికన్నా గట్టి చోట ముల్లు 1 నుంచి 2 డెసిబెల్స్ మాత్రమే వెనక్కి పడాలి. మెత్తటి చోట అసలు కదలకూడదు. 3 డెసిబెల్స్ దాటి పడుతోందంటే నేనైతే కంప్రెసర్‌ని వదిలేసి, వాద్యాలన్నిటినీ కలిపే దశ అయిన మిక్సింగ్‌కే వెనక్కి వెళ్తాను. అక్కడే ఏదో ఒక వాద్యం ఎక్కువైంది. అక్కడ ఒక మర కొంచెం తగ్గిస్తే పోయేదానికి ఇక్కడ పాటంతటినీ నొక్కడం న్యాయం కాదు.

ఇంతా చేశాక పాట బాగుపడిందా, లేదా? ఎలా తెలుస్తుంది? కంప్రెసర్ ఉన్నప్పుడూ, తీసేసినప్పుడూ విని పోల్చాలి. ఇక్కడే మన చెవి మనల్ని మోసం చేస్తుంది. కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. గట్టిగా ఉంటే లోతు శబ్దాలూ, పైశబ్దాలూ చెవికి ఇంకా బాగా అందుతాయి. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. కంప్రెసర్ మీద మేకప్ గెయిన్ అని ఒక మర ఉంటుంది. తగ్గిన శబ్దాన్ని మొత్తంగా తిరిగి పెంచే మర అది. దాన్ని ఎక్కువ తిప్పితే ఏ సెట్టింగ్ అయినా గొప్పగానే వినిపిస్తుంది. కాబట్టి రెండింటినీ ఒకే గట్టిదనానికి తెచ్చుకోండి. అప్పుడు పోల్చండి. సమానంగా పెట్టి పోల్చినప్పుడు కూడా బాగుంటేనే ఉంచండి. లేకపోతే తీసేయండి. కంప్రెసర్ లేకుండా బయటికి వెళ్ళిన మంచి పాటలు ఎన్నో ఉన్నాయి.

ఇక "గట్టిగా రావాలి" అన్న తమ్ముడి మాట. దానికి జవాబు చెప్పాలి కదా.

ఇప్పుడు మీరు వింటున్న ఈ నా గొంతు కూడా నేరుగా మీ దగ్గరికి రావడం లేదు. రేడియో స్టేషన్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్య శబ్దాన్ని అదుపు చేసే పరికరం ఒకటి ఉంటుంది. మెత్తటిదాన్ని పెంచుతుంది. గట్టిదాన్ని దించుతుంది. మీరు పాటని ఇంట్లోనే పూర్తిగా నొక్కేసి పంపితే రేడియోలో అది ఎక్కువ గట్టిగా రాదు. మిగతా పాటల స్థాయికే వస్తుంది. పైపెచ్చు నొక్కినదాన్ని మళ్ళీ నొక్కడంతో గరగర పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే కంపెనీలూ ఇదే దారి పట్టాయి. స్పాటిఫై అన్ని పాటల సగటునీ ఒకే కొలతకి తెస్తుంది. ఆ కొలత మైనస్ 14 లఫ్స్. లఫ్స్ అంటే చెవికి తెలిసే సగటు గట్టిదనపు కొలమానం. మీరు కష్టపడి మైనస్ 8 దాకా తెచ్చారనుకోండి. వాళ్ళు 6 డెసిబెల్స్ తగ్గించేస్తారు. అప్పుడు మీ పాట పక్కపాట కన్నా గట్టిగా ఉండదు. తవిల్ టక్కు మాత్రం ఎప్పుడో పోయింది. అది తిరిగి రాదు. పోగొట్టుకున్నది మీరే.

ఊరి తిరునాళ్ళలో చెట్టుకు కట్టిన గొట్టం స్పీకరు సంగతి? అది లోతు శబ్దాన్ని అసలు పలకలేదు. మధ్యశబ్దాలనే గట్టిగా తోస్తుంది. నొక్కేసిన పాట దానిలోంచి వస్తే చెవులు గింగురుమంటాయి. శిఖరాలకు చోటున్న పాట వస్తే దెబ్బ దెబ్బా విడివిడిగా వీధి చివరిదాకా వినిపిస్తుంది. గట్టిదనం కావాలంటే సౌండ్ సర్వీస్ వాళ్ళ దగ్గర వాల్యూమ్ మర ఉంది. ఆ పని వాళ్ళకి వదిలేయండి.

నేను దీన్ని ఇంత పట్టుదలగా చెప్పడానికి ఒక కారణం ఉంది. కోవిల్‌పట్టికి దగ్గర్లో ఎట్టయపురం ఉంది. ముత్తుస్వామి దీక్షితుల వారు కన్నుమూసిన ఊరు, 1835లో. అదే ఊరి సంస్థానంలో సుబ్బరామ దీక్షితుల వారు విద్వాంసులుగా ఉండేవారు. 1904లో ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ప్రచురించారు. అచ్చయింది ఎట్టయపురంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో. తెలుగు లిపిలో. తమిళ దేశం నడిబొడ్డున, తెలుగు అక్షరాల్లో, అంత పెద్ద గ్రంథం! అందులో ఆయన స్వరాలు రాసి ఊరుకోలేదు. ఏ స్వరం మీద ఏ గమకం రావాలో గుర్తులు పెట్టారు. స్వరం ఎలా ఊగాలి, ఎలా జారాలి, ఎక్కడ నొక్కి పలకాలి. అన్నిటికీ గుర్తులు. అప్పటికి ఆయన చేతిలో రికార్డింగు యంత్రం లేదు. ఉన్నది కాగితం, సిరా. వాటితోనే స్వరం లోపలి కదలికని పట్టుకోవాలని చూశారు.

గమకంలో స్వరం ఎత్తు ఒక్కటే మారదు. బలం కూడా మారుతుంది. ఊదే ఊపిరి ఒక చోట ఒత్తుతుంది, ఒక చోట సడలుతుంది. ఆ ఒత్తూ సడలూ కలిస్తేనే గమకం. వేగంగా పట్టుకుని వేగంగా వదిలే కంప్రెసర్ మొదట చెరిపేసేది దాన్నే. స్వరస్థానాలు సరిగ్గానే ఉంటాయి, ప్రాణం ఉండదు. సుబ్బరామ దీక్షితుల వారు చేత్తో గుర్తులు పెట్టి మరీ నిలబెట్టినదాన్ని మనం ఒక్క మర తిప్పి పోగొట్టకూడదు. నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

టైము దగ్గరపడింది. పద్ధతి ఇంకొక్కసారి. ముందు అతిగా పెట్టండి. అటాక్ చూడండి, దెబ్బ అంచు వినిపించేదాకా. రిలీజ్ చూడండి, ముల్లు తాళంతో ఊగేదాకా. తర్వాత రేషియో రెండుకి దించండి. త్రెషోల్డ్ పైకి లేపండి, ముల్లు 1, 2 డెసిబెల్స్ కన్నా ఎక్కువ పడకుండా. చివర్లో కంప్రెసర్ ఉన్నదాన్నీ, లేనిదాన్నీ ఒకే గట్టిదనంతో పోల్చండి.

ఒక మనవి కూడా ఉంది. మీ ఊళ్ళో దేవరాట్టం కానీ, నాదస్వరం కానీ, కోలాటం కానీ, బుర్రకథ కానీ, పెద్దవాళ్ళు పాడే మంగళహారతి కానీ రికార్డు చేశారనుకోండి. మాస్టరింగ్‌కి ఇచ్చేముందు అసలు ఫైలుకి ఒక నకలు తీసి విడిగా దాచండి. కంప్రెసర్ వేయనిది. 24 బిట్‌లో, ఎంపీ3 చేయకుండా. కంప్రెసర్ వేసిన ఫైలు నుంచి దాన్ని మళ్ళీ వెనక్కి తీయలేం. రేపు ఇంకా మంచి పరికరాలు వస్తాయి. ఇంకా మంచి చెవులున్న పిల్లలు వస్తారు. వాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఆ ఫైలు కావాలి. దాని మీద తేదీ, ఊరి పేరు, వాయించినవాళ్ళ పేర్లు రాసిపెట్టండి. ఒక నకలు వాయించినవాళ్ళ ఇంటికి కూడా ఇవ్వండి.